పదహారో రోజు

మా ఇల్లు తిరుమలగిరి చౌరస్తాకీ లాల్ బజార్‌కీ మధ్య. 2022 వానాకాలంలో ఒక పొద్దున అమ్మమ్మ బాత్రూంలో జారిపడింది. 81 ఏళ్ళు. తుంటి ఎముక విరిగింది. తాతయ్య ఈఎంఈలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి, కాబట్టి అమ్మమ్మకి ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది. మాజీ సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ ఉండే ఆరోగ్య పథకం అది. కార్డు చూపించాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకున్నారు, ఆపరేషన్ చేశారు, వారం తర్వాత వీల్‌చైర్లో కారు దాకా తెచ్చి దించారు. బిల్లు సంగతి మమ్మల్నెవరూ అడగలేదు.

ఆ ఆపరేషన్‌కి ఎంతైందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాతి పద్నాలుగు నెలలకి ఎంతైందో మాత్రం బాగా తెలుసు, ఎక్సెల్ షీట్ ఉంది. ఏజెన్సీ పంపిన అటెండెంట్‌కి నెలకి 22,000. డైపర్లు, వీపు మీద పుండ్లు పడకుండా ఎయిర్‌బెడ్, కమోడ్ కుర్చీ, వారానికి మూడుసార్లు వచ్చే ఫిజియోథెరపీ అబ్బాయి. అమ్మమ్మకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ మొత్తం పెట్టినా అటెండెంట్ జీతం కూడా పూర్తయ్యేది కాదు. మిగతాది అమ్మ, మామయ్య, నేను పంచుకున్నాం. పంచుకోగలిగాం అనాలి.

మా వెనక గల్లీలో ఒక పెద్దమ్మ ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆఫీసర్ల ఇళ్ళల్లో అంట్లు తోమింది. కంటోన్మెంట్‌లోనే బతుకంతా గడిచినా కంటోన్మెంట్ ఏ రిజిస్టర్లోనూ ఆమె పేరు లేదు. 2023 మొదట్లో ఆమెకి పక్షవాతం వచ్చింది. ఆరోగ్యశ్రీ కింద వైద్యం జరిగింది, అక్కడా రూపాయి కట్టక్కర్లేకపోయింది. ముక్కులో గొట్టంతో ఇంటికొచ్చింది. కూతురు మూడిళ్ళల్లో పనిచేసేది, రెండిళ్ళు మానేసింది.

రెండిళ్ళకీ రెండు వేరే కార్డులు, రెండు వేరే ప్రభుత్వాలు. ఆసుపత్రి గుమ్మం దాకా రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి. గుమ్మం దాటాక రెండూ ఒక్కలాగే ఆగిపోయాయి. ఆపరేషన్‌కి లక్షలు కట్టడం నేర్చుకున్న ప్రభుత్వం, ఆపరేషన్ తర్వాత మంచం మీద గడిచే రోజులకి కట్టడం ఎందుకు నేర్చుకోలేదు? ఈ ప్రశ్న పట్టుకుని ఏడాదిన్నరగా దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాదు, కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఏ సిస్టమైనా ఇప్పుడు ఇలా ఎందుకుందో తెలియాలంటే మొదటి వెర్షన్ ఎవరి కోసం రాశారో చూడాలన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే.

*

మొదటి వెర్షన్ సైనికుడి కోసం రాశారు. దాని గురించి చెప్పడానికి తిరుమలగిరి కంటే మంచి చోటు లేదు.

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం ఇక్కడ ఉంటుంది, ఖర్చు నిజాం భరిస్తాడు. 1806లో సికందర్ జా పేరు మీద ఈ దండుకి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. ఆ ఖర్చు ఎలా భరించాడో మనం బడిలో చదువుకున్నాం గానీ కలిపి చదువుకోలేదు. 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలని కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. అంటే మా ఇంటి చుట్టూ ఉన్న ఈ దండు తిండీ జీతం రాయలసీమ రైతు కట్టిన శిస్తులోంచి వచ్చినవే. పక్కనే బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంట్ ఉండేది. దాని బకాయిల కోసం 1853లో బేరార్ పోయింది. సైనికుడి శరీరాన్ని పోషించడం కోసం జిల్లాలకి జిల్లాలు చేతులు మారిన చోటు ఇది.

ఆ శరీరం పనికిరాకుండా పోయాక ఏం చేయాలి అన్న ప్రశ్న ఈ దేశంలో ప్రభుత్వం లాంటిది ఏదైనా మొదట ఎదుర్కొన్నది సైన్యంలోనే. రాబర్ట్ క్లైవ్‌కి మీర్ జాఫర్ వీలునామాలో 5 లక్షల రూపాయలు వదిలిపోయాడు. కంపెనీ ఉద్యోగులు కానుకలు తీసుకోకూడదని అప్పటికే ఒప్పందం రాయించుకున్నారు. అందుకని ఆ డబ్బుని కంపెనీ కొలువులో వికలాంగులైన సైనికుల కోసం, వితంతువుల కోసం నిధిగా మార్చారు. 1770 నుంచి అది లార్డ్ క్లైవ్ ఫండ్. ప్లాసీ తర్వాత బెంగాల్‌ని పిండిన డబ్బులో ఒక ముక్క అలా మొదటి వికలాంగ పింఛన్లలో ఒకటైంది. మన సిపాయిలకి ఈ ఫండ్ కాదు, వేరే ఏర్పాటు. పని చేయలేని స్థితికి వచ్చినవాడికి ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉండేది. జీతం తక్కువైనా కంపెనీ సైన్యంలో చేరడానికి జనం ఎగబడ్డారంటే ఒక పెద్ద కారణం ఆ పింఛనే అంటారు చరిత్రకారులు.

ఈ ఏర్పాటు నుంచి మనకి రెండు అలవాట్లు మిగిలాయి. ఒకటి, శరీరాన్ని మెడికల్ బోర్డు శాతాల్లో కొలవడం. రెండోది, ఆ నష్టానికి ఉద్యోగం కారణమా అని అడగడం. ఇవాళ్టికీ సైన్యం పింఛను నిబంధనల్లో ఒక భత్యం ఉంది, కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్స్. ఉద్యోగం వల్ల నూటికి నూరు శాతం వికలాంగుడై, ఎప్పుడూ పక్కన ఒక మనిషి అవసరమని బోర్డు తేల్చినవాడికి ఇస్తారు. ఏడో వేతన సంఘం తర్వాత, 2017 జులై నుంచి అది నెలకి 6,750 రూపాయలైంది. పుణె పక్కన ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది. అక్కడ కొందరు ఏళ్ళ తరబడి ఉంటారు.

6,750తో ఏ ఊళ్ళోనూ మనిషి దొరకడు, నిజమే. కానీ అంకె పక్కన పెట్టి ఆలోచన చూడండి. ఒక మనిషిని మంచం మీంచి లేపడానికి, కడగడానికి, తినిపించడానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి నెలనెలా డబ్బవుతుంది, ఆ డబ్బు ప్రభుత్వం ఇవ్వచ్చు అన్న ఆలోచన మన ప్రభుత్వానికి కొత్తది కాదు. దాని పుస్తకాల్లో ఉంది. సైనికుడి పేరు మీద ఉంది, అంతే.

అమ్మమ్మ ఆ వ్యవస్థకి అంచున ఉన్న మనిషి. ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు రిటైరైన జవాన్లు ఎంహెచ్‌లో, అంటే మిలిటరీ ఆసుపత్రిలో, మంచం ఖాళీ ఉంటే చూపించుకునేవాళ్ళు. ఒకసారి చందా కడితే జీవితాంతం పనిచేసే పథకమని తాతయ్య దాన్ని మురిపెంగా చెప్పేవాడు. ఆ కార్డు ఆపరేషన్ కడుతుంది, మందులిస్తుంది. ఇంట్లో మనిషి జీతం కట్టదు. దానికి దగ్గరగా వచ్చే నిబంధన ఇంకోచోట ఉంది. ఆరో వేతన సంఘం చెప్పినందువల్ల 80 దాటిన పింఛనుదారులకి బేసిక్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి రెట్టింపు. వయసు పెరిగేకొద్దీ మనిషికి ఖర్చు పెరుగుతుందని ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన పట్టిక అది. అమ్మమ్మకి ఆ 20 శాతం రావడానికి ఏడు నెలలు పట్టింది. తాతయ్య పింఛను ఆర్డర్లో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. పుట్టిన తేదీ రుజువు కోసం బ్యాంకు వాళ్ళు అడిగిన కాగితాల్లో పదో తరగతి సర్టిఫికెట్ ఒకటి. అమ్మమ్మ మూడో తరగతి దాకా చదివింది.

*

వెనక గల్లీ పెద్దమ్మ కార్డు చరిత్ర వేరు. అది ముఖ్యమంత్రి సహాయ నిధి దగ్గర మొదలవుతుంది.

2004 తర్వాతి రోజులు గుర్తున్నవాళ్ళకి ఆ దృశ్యం గుర్తుండాలి. గుండె ఆపరేషన్‌కో క్యాన్సర్‌కో డబ్బుల్లేక, ఆసుపత్రి ఎస్టిమేట్ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే ఉత్తరంతో జనం హైదరాబాద్ వచ్చేవాళ్ళు. అర్జీలు వేలల్లో పేరుకుపోయాయి. ఆ అర్జీల వరసని ఒక పద్ధతిలో పెట్టిందే ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా. ప్యాకేజీల జాబితా తర్వాత తొమ్మిది వందలు దాటింది. అంతకు రెండేళ్ళ ముందే, 2005 ఆగస్టు 15న, 108 అంబులెన్స్ వచ్చింది. దాని పెద్ద ఆఫీసు మాకు పైన మేడ్చల్ రోడ్డు మీదే, దేవరయాంజాల్‌లో.

ఆరోగ్యశ్రీ మీద విమర్శలు అందరికీ తెలిసినవే. ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాల్సిన డబ్బు కార్పొరేట్లకి వెళ్ళింది వగైరా. వాటిలో నిజముంది. కానీ నా ఆసక్తి వేరే. అర్జీ పుట్టుక దాని ఆకారాన్ని ఎలా తేల్చేసిందో చూడండి. సహాయ నిధికి అర్జీ పెట్టుకున్న ప్రతివాడి చేతిలో ఒక ఎస్టిమేట్ ఉంది: ఫలానా ఆపరేషన్, ఇంత మొత్తం. ఆరోగ్యశ్రీ ఆ ఎస్టిమేట్‌నే కోడుగా మార్చింది. ప్రొసీజర్‌కి ఒక నంబరు, నంబరుకి ఒక రేటు, ముందు అనుమతి, తర్వాత క్లెయిము. మంచంలో ఉన్న ముసలామెని గంటకోసారి పక్కకి తిప్పాలని ఎవరూ సహాయ నిధికి అర్జీ పెట్టుకోలేదు. పెట్టుకున్నా దానికి ఎస్టిమేట్ ఇచ్చే ఆసుపత్రి ఉండదు. ఎస్టిమేట్ లేనిదానికి నంబరు లేదు, నంబరు లేనిదానికి రేటు లేదు.

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ఈ నమూనాలోదే. తెలంగాణ 2021లో అందులో చేరింది. దాని నిబంధనల్లో ఒక వాక్యం నాకు బాగా గుర్తుండిపోయింది: ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజులు. అంతవరకే పథకం కడుతుంది. 2024 అక్టోబరు 29న కేంద్రం 70 దాటిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, 5 లక్షల వరకు ఈ పథకాన్ని వర్తింపజేసింది. పెద్ద అడుగే. కానీ 70 దాటిన మనిషికి పదహారో రోజున ఏం కావాలో ఆ కార్డుకి తెలీదు.

*

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో నాలాంటివాళ్ళు వేలల్లో ఉంటారు: అమెరికా వాళ్ళ ఆరోగ్య బీమా క్లెయిములని సరిచూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్ళు. నేను నాలుగేళ్ళు చేశాను. అందులో కొంతకాలం మెడికెయిడ్ క్లెయిములు. మెడికెయిడ్ అంటే పేదవాళ్ళకి అక్కడి ప్రభుత్వమిచ్చే వైద్య సహాయం, మన ఆరోగ్యశ్రీకి దూరపు బంధువు. ఆసుపత్రి క్లెయిముల్లో ప్రొసీజర్ కోడ్లుండేవి. నర్సింగ్ హోమ్ క్లెయిముల్లో మాత్రం యూనిట్ దగ్గర 30, 31, 28 అని వచ్చేవి. మొదట డేటా తప్పనుకుని టికెట్ కూడా రేజ్ చేశాను. అవి నెలలో రోజులు. ఒక ముసలి మనిషి అక్కడ ఉన్న రోజులు. రోజుకి ఇంత అని ప్రభుత్వం కడుతోంది. (మన తెలుగులో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులకీ హెర్నియాకీ వెళ్ళే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఆ మాట అసలర్థం మనకి అక్కర్లేకపోయింది కాబట్టి దాన్ని ఇంకో పనికి వాడుకున్నాం.)

వాళ్ళు మనకంటే దయగలవాళ్ళు అని కాదు. ఆ ఏర్పాటు సగం పొరపాటున పుట్టింది. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చినప్పుడు, పాత అనాథ శరణాలయాలంటే ఉన్న అసహ్యంతో, ప్రభుత్వ సంస్థల్లో ఉండే ముసలివాళ్ళకి ఆ వృద్ధాప్య సహాయం ఇవ్వకూడదని రాశారు. దాంతో ముసలివాళ్ళు ఆ చెక్కు పట్టుకుని ప్రైవేటు ఇళ్ళల్లో చేరారు. అవే పెరిగి పెరిగి నర్సింగ్ హోమ్ పరిశ్రమ అయ్యాయి. 1965 జులై 30న జాన్సన్ సంతకంతో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాయి. ముసలివాళ్ళ కోసమని పెట్టిన మెడికేర్ దీర్ఘకాలం మంచాన పడ్డవాళ్ళ రోజువారీ సంరక్షణకి కట్టదు. పేదల కోసమని పెట్టిన మెడికెయిడ్ కడుతుంది. కాబట్టి మధ్యతరగతి ముసలివాళ్ళు ఉన్నదంతా ఖర్చుపెట్టుకుని, పేదవాళ్ళయి, అప్పుడు దాని కిందికి వస్తారు.

అక్కడా ఇల్లు అనే చోటు చాలాకాలం లెక్కలోకి రాలేదు. అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అని ఒక చిన్న పాప. పసితనంలో మెదడు వాపు వచ్చి శ్వాస యంత్రం అవసరమైంది. ఆసుపత్రిలో ఉంటే మెడికెయిడ్ కడుతుంది. ఇంటికి తీసుకెళ్తే ఖర్చు ఎంతో తక్కువ, కానీ కట్టదు. 1981 నవంబరులో రీగన్ పత్రికా సమావేశంలో ఈ కథ చెప్పి ఇదేం నిబంధన అన్నాడు. ఆ ఏడాదే చట్టంలో ఇంటి దగ్గర సంరక్షణకి కూడా రాష్ట్రాలు మినహాయింపు కోరవచ్చనే సెక్షన్ వచ్చింది. ఇప్పటికీ నర్సింగ్ హోమ్ హక్కు, ఇంటి సాయం మాత్రం చాలాచోట్ల రాష్ట్రం ఇష్టం, వెయిటింగ్ లిస్టు.

జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీన్ని వైద్యం నుంచి విడదీసి వేరే బీమాగా పెట్టాయి. జపాన్‌లో 40 దాటిన ప్రతివాళ్ళూ ప్రీమియం కడతారు. జర్మనీలో ఇంట్లో చూసుకునే కూతురికో కోడలికో ఇవ్వడానికి వీలుగా నగదు కూడా ఇస్తారు. మూడిళ్ళల్లో రెండు మానేసిన మా వెనక గల్లీ అక్క గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ నగదే గుర్తొస్తుంది.

*

తిరిగి 2007కి వద్దాం. ఆ ఒక్క సంవత్సరంలోనే మన ముసలితనం ఎవరి ఖాతాలో పడాలో తేలిపోయిందని నాకనిపిస్తుంది.

ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ. నవంబరులో కేంద్ర వృద్ధాప్య పింఛనుకి ఇందిరాగాంధీ పేరు పెట్టి దారిద్ర్యరేఖ కింద ఉన్న వృద్ధులందరికీ విస్తరించారు. కేంద్రం వాటా నెలకి 200 రూపాయలు. 80 దాటినవాళ్ళకి 2011లో 500 చేశారు గానీ ఆ 200 ఇవాళ్టికీ 200గానే ఉంది. డిసెంబరులో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు, నెలకి 10,000 దాకా ఇప్పించవచ్చు. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి ఉంటే, చూడనప్పుడు 23వ సెక్షన్ కింద వెనక్కి తీసుకోవచ్చు. అదే చట్టంలో 19వ సెక్షన్, ప్రతి జిల్లాలో 150 మంది నిరుపేద వృద్ధులకి ఒక ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చు అంటుంది. పెట్టవచ్చు. పిల్లల విషయంలో ఉన్న గట్టితనం ఆ క్రియాపదంలో లేదు.

మూడూ పక్కపక్కన పెడితే పని విభజన కనిపిస్తుంది. ఆపరేషన్ రాష్ట్రానిది. 200 కేంద్రానివి. రోజులు పిల్లలవి.

ఆస్తి దగ్గర రెండు దేశాల తేడా నాకు భలే అనిపించింది. మెడికెయిడ్ కోసం అర్జీ పెడితే, గత ఐదేళ్ళలో ఆస్తి పిల్లలకి రాసిచ్చారా అని వెనక్కి తవ్వుతారు. ఇచ్చి ఉంటే కొంతకాలం సహాయం ఆపుతారు. మనిషి పోయాక వదిలిన ఇంటి మీద ప్రభుత్వం తన ఖర్చు రాబట్టుకోవాలని 1993 నుంచి చట్టం. అక్కడ ముసలివాళ్ళ ఇల్లు కోసం పోటీ పిల్లలకీ ప్రభుత్వానికీ మధ్య. ఇక్కడ పోటీ ముసలివాళ్ళకీ పిల్లలకీ మధ్య, ప్రభుత్వం జడ్జి కుర్చీలో కూర్చుంది.

మన కథలు కూడా ప్రభుత్వాన్ని ఆ కుర్చీలోంచి దించలేదు. వృద్ధాశ్రమం కథ మన పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అమెరికా కొడుకు, సణిగే కోడలు, గేటు వైపు చూస్తూ కూర్చునే నాన్న. అందులో ఎప్పుడూ ఒక నేరస్థుడు కావాలి, అది కొడుకే కావాలి. ఆ ఆశ్రమానికి నెలకి ఎంత, నాన్న పింఛను ఎంత, అటెండెంట్ దొరక్కపోతే డైపరు ఎవరు మారుస్తారు, ఆ కథల్లో నాకు కనపళ్ళేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి, నిజంగా చదవాలనుంది. ప్రేమ ఉన్న ఇంట్లో కూడా ఇది జరుగుతుందని, మా అమ్మకి అమ్మమ్మ మీద ప్రేమకేం లోటు లేదని, అయినా పదో నెలలో ఒక రాత్రి వంటింట్లో కూర్చుని ఇంక నావల్ల కాదురా అందని, అది చెడ్డతనం కాదని చెప్పే కథ కోసం వెతుకుతున్నాను.

డబ్బూ ప్రేమా రెండూ లేనివాళ్ళ దగ్గరికి ప్రభుత్వం కంటే ముందే వచ్చినవాళ్ళు ఉన్నారు. సికింద్రాబాద్ ఎస్‌డీ రోడ్డులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ నడిపే వృద్ధుల ఆశ్రమం ఉంది. 1839లో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే ఆమె వీధిలోంచి ఒక గుడ్డి ముసలామెని తెచ్చి తన మంచం మీద పడుకోబెట్టడంతో మొదలైన సంఘం అది. ఇంటింటికీ తిరిగి అడుక్కొచ్చి పోషించడం వాళ్ళ నియమం. వాళ్ళని తలుచుకున్నప్పుడు గౌరవంతో పాటు కొంచెం సిగ్గు కూడా కలుగుతుంది. రాజ్యాంగం 41వ అధికరణంలో వృద్ధాప్యం, జబ్బు, వైకల్యం పేర్లు చెప్పి మరీ ప్రభుత్వ సహాయం గురించి రాసుకున్నాం కదా.

*

అయితే ఈ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ఒక మార్పు జరిగింది. దాని గురించి హైదరాబాద్‌లో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ సామాజిక పింఛన్లలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి విడిగా ఒక వర్గం ఉంది. నెలకి 5,000 ఇచ్చేవాళ్ళు. 2024 జులై 1 నుంచి దాన్ని 15,000 చేశారు. అదే రోజు మామూలు వృద్ధాప్య పింఛను 4,000 అయింది కాబట్టి పత్రికల్లో ఆ వార్తే నిండిపోయింది. నాకు మాత్రం ఆ 15,000 పెద్ద వార్తలా కనిపించింది. ఏ ప్రొసీజరూ చేయించుకోకుండా, ఏ ఉద్యోగంలోనూ గాయపడకుండా, కేవలం మంచం మీంచి లేవలేకపోవడం వల్ల ఒక పేద మనిషికి నెలనెలా, దాదాపు ఒక అటెండెంట్ జీతమంత డబ్బు వస్తోంది. సైనికుడి భత్యానికి వెనకున్న ఆలోచన, దత్తమండలాలు ఇచ్చిన రెండు శతాబ్దాల తర్వాత, ఆ మండలాల్లో మంచాన పడ్డ మనిషి దాకా వచ్చింది.

దాంతో పాటు మెడికల్ బోర్డు కూడా వచ్చింది. 2025 మొదట్లో డాక్టర్ల బృందాలు ఈ పింఛనుదారుల ఇళ్ళకి వెళ్ళి నిజంగా మంచంలోనే ఉన్నారా అని మళ్ళీ పరీక్షించాయి. అనర్హులున్నారన్నది ప్రభుత్వం వాదన, ఉండే ఉంటారు. నాకు తట్టింది వేరే. ఫిజియోథెరపీతో ఒకాయన మంచం దిగి నాలుగడుగులు వేయగలిగితే ఆయన 15,000 ఏమవుతుంది? జపాన్ పద్ధతిలో అవసరాన్ని ఏడు స్థాయిల్లో కొలుస్తారు, ఒక మెట్టు దిగితే సాయం కొంత తగ్గుతుంది. ఇక్కడ అన్ని మెట్లు లేవు. కోలుకోవడానికి అది భయపెట్టే నిబంధన. అయినా లేనిదానికంటే నయమే అంటాను.

కేరళ దీన్ని డబ్బుతో కాక మనుషులతో మొదలుపెట్టింది. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు, వాలంటీర్లు కలిసి పెట్టిన పాలియేటివ్ కేర్ సొసైటీ నుంచి 2008 ప్రభుత్వ విధానం దాకా వెళ్ళి, పంచాయతీలు నర్సుని పెట్టి మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి పంపడం అక్కడ మామూలైంది. తెలంగాణలోనూ కొన్ని జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ యూనిట్లు, ఇళ్ళకి తిరిగే బండ్లు వచ్చాయి. మా గల్లీకి ఇంకా రాలేదు.

తెలంగాణ పింఛన్లలో మంచాన పడ్డవాళ్ళకి విడిగా వర్గం లేదు. 2014 నవంబరులో 1,000తో మొదలైన ఆసరా 2019లో 2,016 అయింది. వికలాంగుల పింఛను 2023లో 4,016 అయింది. డయాలిసిస్ రోగులకి, బోదకాలు ఉన్నవాళ్ళకి కూడా ఇస్తున్నారు. వెనక గల్లీ పెద్దమ్మకి 2,016 వస్తుంది. వృద్ధాప్యం నుంచి వికలాంగుల వర్గానికి మారిస్తే 4,016 వస్తుందని లెక్కేసి కూతురికి చెప్పాను. దానికి అప్పట్లో సదరం సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. మీసేవలో స్లాట్ నేనే బుక్ చేశాను. సర్టిఫికెట్ కోసం మనిషిని శిబిరానికి తీసుకెళ్ళాలి. కదల్లేరని రుజువు చేసుకోవడానికి కదిలి వెళ్ళాలన్నమాట.

అమ్మమ్మ 2023 చలికాలం ముందు పోయింది. ఎయిర్‌బెడ్, కమోడ్ కుర్చీ వెనక గల్లీకి ఇచ్చేశాం. శిబిరానికి ఆటోలో పెద్దమ్మని ఒళ్ళో ఆనించుకుని కూర్చుని, దారిలో ఆ అక్క అడిగింది: "మా ఆడబిడ్డ అత్తకి గుంటూరు దిక్కు పదిహేను వేలు వస్తున్నయంట తమ్మీ. ఆమెకి గీమెకి ఒకటే రోగం. గిక్కడ ఎందుకియ్యరు?"

నేను ఏదో చెప్పాను, రెండు రాష్ట్రాలు, వర్గాలు, జీవోలు. ఆమె వినలేదు. పెద్దమ్మ ముక్కులో గొట్టం స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడకుండా వేలితో పట్టుకుని ఉంది. సర్టిఫికెట్ వచ్చింది. మూడు నెలల తర్వాత పింఛను 2,000 పెరిగింది. మానేసిన రెండిళ్ళల్లో ఒక్కింట్లో నెలకి అంతకంటే ఎక్కువే వచ్చేదట.